ఒరవడి దిద్దిన బాలుడు: అబుల్ హసన్ నాదిరుజ్జమాన్

మాడుగులపల్లి మీదుగా మిర్యాలగూడకు పోవు బాటలో ఏ ఇంటి గడప తొక్కినను గోడమీద ఒక పటము కనిపించును. ఒక ఇంట మక్కా మదీనాల చిత్రము, వేరొక ఇంట వేంకటేశ్వరుని పటము, ఇంకొక ఇంట బాలయేసును ఎత్తుకొనిన మరియమ్మ పటము. ఆ క్రైస్తవ పటములను ఒకసారి నిదానముగా పరికించి చూడవలెను. అందలి ముఖములు, వస్త్రముల మడతలు, తల వెనుకనున్న కాంతివలయము మన పల్లెలలో పుట్టినవి కావు. నాలుగైదు వందల ఏండ్ల క్రిందట ఇటలీ, జర్మనీ మొదలగు దేశముల చిత్రకారులు వ్రాసిన మూలములకు నకళ్ళు, ఆ నకళ్ళకు మరల నకళ్ళు తీయగా తీయగా అవి మన గోడలకు చేరినవి. నేడు ఆ పని అచ్చుయంత్రము చేయుచున్నది. రంగుల అచ్చు లేని కాలమున మనుష్యుని చేయియే చేసినది.

నకలు అను మాట ఉర్దూ నుండి తెలుగునకు వచ్చినది. ఉభయ భాషలందును ఆ మాటకు గౌరవము తక్కువ. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుట నకలు. ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయుటను తెలుగువారు మక్కికి మక్కి అందురు. మూలపత్రముపై చచ్చి అంటుకొనియున్న ఈగను చూచి, తన ప్రతిలోను ఒక ఈగను చంపి అంటించిన గుమాస్తా కథ ఆ మాట వెనుక ఉన్నదని పెద్దలు చెప్పుదురు. అయితే ఈ రెండు భాషలందే నకలును గౌరవించు మాటలు కూడ కలవు. తెలుగున ఒరవడి అందుము, ఉర్దూలో మష్ఖ్ అందురు. గురువు వ్రాసి ఇచ్చిన అక్షరముపై శిష్యుడు మరల మరల దిద్దుట ఒరవడి. ఉస్తాదు వ్రాసిన ఖత్తును చూచి చేయి తిరుగునంతవరకు వ్రాయుట మష్ఖ్. అదియు నకలే. మరి ఈ రెండింటికిని గల భేదమేమి? ఈ ప్రశ్నకు సమాధానము నాలుగు శతాబ్దముల క్రిందట పదమూడవ ఏట ఒక క్రైస్తవ పునీతుని బొమ్మను చూచి వ్రాసిన ముస్లిం బాలుని జీవితమున మాకు దొరికినది. అందుచేత అతని చరిత్రను మా విద్యార్థుల ముందుంచుచున్నాము.

ఆ బాలుడు అబుల్ హసన్. అతని తండ్రి ఆఖా రిజా హిరాత్ నుండి హిందూదేశమునకు వచ్చిన చిత్రకారుడు. అక్బరు పాదుషా జ్యేష్ఠపుత్రుడు సలీము ఇంకను యువరాజుగా ఉన్నపుడే ఆఖా రిజా ఆయన కొలువున చేరెను. ఆ కొలువులోనే, సుమారు 1588 ప్రాంతమున, అబుల్ హసన్ జన్మించెను. ఏలికవారి ఇంట పుట్టిపెరిగిన సేవకుని ఆ కాలమున ఖానాజాద్ అనెడివారు. అతడు కన్నులు తెరచునప్పటికే తండ్రి కార్ఖానాలో కాగితమును గవ్వతో నున్నన చేయువారు, రంగురాళ్ళను నూరి బంక కలుపువారు, సన్నని వెండ్రుకలతో కుంచెలు కట్టువారు ఉండిరి. ఆ కార్ఖానాయే అతని బడి.

అది మొగలు చిత్రకళకు ఉచ్ఛదశ. అక్బరు కార్ఖానాలో ఇరాను నుండి వచ్చిన ఉస్తాదులును, ఈ దేశపు హిందూ చిత్రకారులును ఒకే కప్పు క్రింద పని చేయుచుండిరి. 1580 ఫిబ్రవరిలో గోవా నుండి జెసూట్ గురువులు ఫతేపూర్ సీక్రీకి వచ్చిరి. వారిలో ముఖ్యులు రుడాల్ఫ్ అక్వావివా, ఆంటోనీ మొన్సెరాతె. వారు పాదుషాకు సమర్పించిన కానుకలలో ఆంట్వెర్ప్ నగరమున అచ్చయిన ఎనిమిది సంపుటముల బైబిలు ఒకటి. రోము నగరపు సాంతా మరియా మజ్జోరే దేవాలయమున పూజలందుకొను మరియమ్మ చిత్రమునకు చేతితో వ్రాసిన ప్రతి మరియొకటి. పాదుషా ఆ చిత్రమునకు గౌరవము చూపెనని ఆ గురువులు వ్రాసికొనిరి. ఆ పిమ్మట యూరపు నుండి రాగిరేకు అచ్చుబొమ్మలు ఎన్నియో ఆస్థానమునకు వచ్చుచుండెను. చిత్రకారులు వానిని చూచి వ్రాయసాగిరి. కేశవదాసు అను హిందూ చిత్రకారుడు హిజ్రీ 996లో, అనగా 1587–88లో, పునీత మత్తయి చిత్రమును ఒక అచ్చుబొమ్మ నుండి ఎత్తి వ్రాసెను. అది నేడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉన్నది. వ్రాయించినది ముస్లిం పాదుషా కొలువు, వ్రాసినది హిందువు, వ్రాయబడినవాడు క్రైస్తవ పునీతుడు. ఆ చిత్రము పూర్తియైన కాలముననే అబుల్ హసన్ జన్మించుట గమనింపదగినది.

ఆఖా రిజా శిష్యవర్గమున ఒక స్త్రీ కూడ కలదు. ఆమె పేరు నాదిరా బాను, మీర్ తఖీ కుమార్తె. ఆమెయు యూరపు అచ్చుబొమ్మలను చూచి చిత్రములు వ్రాసి, వానిపై తన పేరును, తన గురువు పేరును వ్రాసికొనెను. మా కళాశాల విద్యార్థినులు ఈ పేరును జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇక అబుల్ హసన్ చేతికి వచ్చిన ఒరవడి ఎవరిదో చెప్పవలెను. ఆల్‌బ్రెహ్ట్ డ్యూరర్ జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరవాసి. 1471లో పుట్టి 1528లో మరణించెను. యేసు శ్రమలను తెలుపు చిన్న అచ్చుబొమ్మల వరుస నొకదానిని ఆయన రాగిరేకులపై చెక్కెను. అందు 1511 నాటి సిలువ ఘట్టము ఒకటి. అది అరచేతిలో ఇముడునంత బొమ్మ. మధ్య సిలువ, దానిపై యేసు, ఒక ప్రక్క మరియమ్మ, మరియొక ప్రక్క శిష్యుడైన యోహాను చేతులు పెనవేసికొని దుఃఖించుచు నిలిచియుండును. యేసునకు ప్రియశిష్యుడనియు, సువార్తలలో నాలుగవదానికి కర్తయనియు క్రైస్తవులు పూజించు పునీతుడు ఈ యోహాను. ముస్లింలు హవారీలని గౌరవించు హజ్రత్ ఈసా సహచరుల శ్రేణికి చెందినవాడు.

డ్యూరర్ బొమ్మలో రంగు లేదు. ఉలితో రాగిపై గీత ప్రక్క గీత, గీతపై అడ్డగీత చెక్కి, ఆ గీతల దట్టముచేతనే వెలుగునీడలను చూపించెను. అబుల్ హసన్ చేతిలో ఉలి లేదు, మెత్తని కుంచె కలదు. అతడు చేసిన మొదటి పని ఎంపిక. ఆ చిన్న బొమ్మలోని జనమందరిలో యోహానును మాత్రము వేరుచేసి తీసికొనెను. సిలువ లేదు, దానిచుట్టునున్నవారు లేరు. చేతులు పెనవేసికొని నిలిచిన ఒక్క మనుష్యుడు మిగిలెను. శోకమునకు కారణము చూపక శోకమునే చూపినట్లయ్యెను. రెండవ పని అనువాదము. ఉలి చెక్కిన కఠినమైన గీతలను కుంచె యొక్క సున్నితమైన మలుపులుగా మార్చెను. బరువైన జర్మను వస్త్రము అతని చేతిలో జారుచు, ముడుతలు పడుచు, దేహముపై ఒదిగినది. మడతల లోపలి నీడ మెల్లమెల్లగా చిక్కనగును. భాష తెలియని గ్రంథమును చదువలేము, కాని గీత తెలిసినవానికి గీతయే భాష. ఆ భాషలో వ్రాసినదానిని బాలుడు చదివి, అర్థము చేసికొని, తన భాషలో మరల చెప్పెను.

మూడవ పని అన్నింటికంటె ముఖ్యమైనది. చిత్రముపై తాను రిజా కుమారుడైన అబుల్ హసన్ననియు, మురీదు ననియు, పదమూడవ ఏట దీనిని వ్రాసితిననియు తెలిపి, హిజ్రీ 1009 రబీ ఉస్సానీ మాసపు తేదీని కూడ వేసెను. అది 1600 అక్టోబరు. డ్యూరర్ తన బొమ్మలపై తన పేరులోని రెండక్షరములను ముద్రగా వేసెడివాడు. ఆయన కాలముననే ఇటలీలో మార్కంటోనియో రైమోండి అను చెక్కడపుపనివాడు ఆయన బొమ్మలను ఆ ముద్రతో సహా దించి అమ్మెననియు, డ్యూరర్ వెనిస్ పాలకులకు ఫిర్యాదు చేసెననియు వసారి అను చరిత్రకారుడు వ్రాసెను. మన బాలుడు అట్టి పని చేయలేదు. పరుల పనిని తనదని చెప్పలేదు, తన పనిని పరులదని చెప్పలేదు. ఎవరి కుమారుడు, ఎన్నవ ఏడు, ఏ దినము, ఎవరి చేయి అను నాలుగు విషయములను నిజముగా చెప్పెను. ఆ చిత్రము నేడు ఆక్స్‌ఫర్డ్ నగరపు ఆష్మోలియన్ వస్తుప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది.

ఆ 1600వ సంవత్సరముననే సలీము తండ్రిపై తిరుగుబాటు చేసి అలహాబాదున వేరు కొలువు ఏర్పరచుకొనెను. 1605లో అక్బరు మరణించగా, జహంగీరు అను బిరుదుతో ఆయన సింహాసనమెక్కెను. అబుల్ హసన్‌కు అప్పటికి పదునేడేండ్లు. చిత్రములను పరీక్షించుటలో జహంగీరునకు గల నేర్పు ప్రసిద్ధము. ఒకే చిత్రమును పలువురు వ్రాసినను ఏ ముఖము ఎవరిదో, కన్ను ఎవరిదో, కనుబొమ ఎవరిదో చెప్పగలనని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనెను. అట్టి పరీక్షకుని కన్నుల ముందు అబుల్ హసన్ పెరిగెను.

నకలు వ్రాయుట ఆ ఆస్థానమున ఎంతటి విద్యగా వర్ధిల్లినదో తెలుపు సంఘటన ఒకటి కలదు. 1616లో అజ్మీరున ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో తన యొద్దనున్న చిన్న చిత్రమును జహంగీరునకు చూపెను. తన చిత్రకారులు దీనికి ప్రతి తీసినచో మూలమేదో పోల్చుకొనలేవని పాదుషా పందెము కాసెను. కొన్ని దినములకు రాత్రి దీపకాంతిలో ఆరు చిత్రములను రాయబారి ముందుంచిరి. ఆయన మొదట తడబడి, పిదప దగ్గరగా పట్టి చూచి తన చిత్రమును గుర్తించెను. అంత చక్కని పనిని ఎదురుచూడలేదని ఒప్పుకొనెను. ఆ ప్రతులు వ్రాసిన చిత్రకారుని పేరును రాయబారి తెలుపలేదు. అబుల్ హసన్ పెరిగిన కార్ఖానా ఎట్టిదో ఇందువలన తెలియుచున్నది.

అయితే అబుల్ హసన్ నకలునందే నిలిచిపోలేదు. 1618లో జహంగీరు తన పట్టాభిషేక దృశ్యమును ఆత్మకథ గ్రంథమునకు ముఖచిత్రముగా వ్రాసి సమర్పించిన అబుల్ హసన్‌కు నాదిరుజ్జమాన్ అను బిరుదు ప్రసాదించెను. యుగమున అరుదైనవాడు అని దాని అర్థము. ఇతని పనికిని ఇతని తండ్రి పనికిని పోలికయే లేదని, గత కాలపు మహాచిత్రకారుడు బిహ్జాద్ బ్రతికియున్నను ఇతని నేర్పును మెచ్చుకొనియుండెడివాడని పాదుషా అభిప్రాయపడెను. తండ్రి ముందు కుమారుని ఇట్లు పొగడుట ఎట్లుండునో గాని, ఒరవడి పెట్టిన చేయిని ఒరవడి దిద్దిన చేయి దాటిపోవుటయే గురువునకు దక్షిణ అని మన పెద్దలు తలంచిరి.

అతని పేర ప్రసిద్ధికెక్కిన చిత్రములు నేడు దేశదేశములందు ఉన్నవి. చినారు చెట్టుపై ఉడుతలు ఆడుకొను చిత్రము లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున ఉన్నది. ఒక్కొక్క ఉడుత వెండ్రుకను లెక్కింపవచ్చునో అన్నట్లుండును. తుపాకి చేతబట్టి నిలిచిన నూర్జహాను చిత్రము రాంపూరు రజా గ్రంథాలయమున ఉన్నది. జహంగీరు ఇరాను షాహ్ అబ్బాసును కౌగిలించుకొను చిత్రము వాషింగ్టను నగరమున ఉన్నది. ఆ ఇరువురు ప్రభువులు జీవితమున ఎన్నడును ముఖాముఖి చూచుకొనలేదు. పాదుషాకు వచ్చిన కలను చిత్రకారుడు కాగితముపై పెట్టెను. వారి పాదముల క్రింద భూగోళము, తలల వెనుక సూర్యచంద్రుల మహాకాంతివలయము, దానిని మోయు రెక్కల బాలురు ఉన్నారు. ఆ వలయమును, ఆ రెక్కల బాలురను మొగలు చిత్రకారులు యూరపు పునీతుల బొమ్మల నుండియే నేర్చుకొనిరి. పునీతుని తల వెనుక పవిత్రతకు గుర్తుగా వెలిగిన కాంతి ఇప్పుడు ప్రభువు తల వెనుక అధికారమునకు గుర్తుగా వెలిగెను.

ఇచ్చట అబుల్ హసన్ జీవితములోని మరియొక పార్శ్వమును దాచుట న్యాయము కాదు. దక్కను వాసులమైన మనకు అది మిక్కిలి సన్నిహితమైనది. అహమ్మదునగరు రాజ్యమును నిలబెట్టిన మలిక్ అంబరు హబ్షీ దేశస్థుడు. బానిసగా అమ్ముడుపోయి వచ్చి, మంత్రియై, మొగలు సేనలను ఏండ్ల తరబడి ఎదిరించెను. జహంగీరు ఆయనను జయింపలేకపోయెను. కాని సుమారు 1616లో అబుల్ హసన్ వ్రాసిన చిత్రమున జహంగీరు భూగోళముపై నిలిచి, బల్లెమునకు గ్రుచ్చిన మలిక్ అంబరు తలపై బాణము విడుచుచుండును. ఆకాశము నుండి రెక్కల బాలురు ఆయుధములు అందించుచుందురు. ఆ చిత్రము నేడు డబ్లిన్ నగరమున ఉన్నది. యుద్ధభూమిలో జరుగనిది కాగితముపై జరిగెను. మలిక్ అంబరు 1626లో ఎవరికిని చిక్కకయే వృద్ధుడై మరణించెను. మరుసటి సంవత్సరము జహంగీరు మరణించెను.

ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన ఉంచి ఆలోచించితిమి. ఒకటి పదమూడేండ్ల బాలుడు పరుల బొమ్మను చూచి వ్రాసినది. మరియొకటి ప్రసిద్ధుడైన చిత్రకారుడు స్వయముగా కల్పించి వ్రాసినది. మొదటిది నకలు, రెండవది స్వతంత్రరచన. అయినను సత్యమెందున్నది? పరాయి మతపు పునీతుని ముఖమున బాలుడు చూచిన దుఃఖము సత్యము. శత్రువును ద్వేషించు ప్రభువును సంతోషపెట్టుటకు పెద్దవాడు కల్పించిన విజయము అసత్యము. చేతి నేర్పు రెండింటను కలదు, రెండవదానియందు అధికము కూడ. కాన నేర్పు ఒక్కటియే చాలదని, దానిని ఎవరి సేవకు వినియోగించుచున్నామో చూచుకొనవలెనని ఈ మహాచిత్రకారుని జీవితమే మనకు తెలుపుచున్నది. ఏలికవారి ఇంట పుట్టినవానికి కాదనుట సులభము కాదు. అతనిని నిందించుట మా ఉద్దేశము కాదు. అతని తొలి చిత్రమును మరువరాదని మాత్రము చెప్పుచున్నాము.

మరియొక సందేహము కొందరికి కలుగవచ్చును. క్రైస్తవ పునీతులను అంత శ్రద్ధతో వ్రాసినవారు, వ్రాయించినవారు తమ మతమును విడిచిరా? జెసూట్ గురువులు అట్లే ఆశపడిరి. పటములపై పాదుషాలకు గల ప్రీతిని చూచి నేడో రేపో వారు క్రైస్తవులగుదురని లేఖలు వ్రాసిరి. అక్బరు గాని జహంగీరు గాని క్రైస్తవులు కాలేదు. గురువులలో ఒకడైన జెరోమ్ జేవియర్ 1602లో యేసు చరిత్రను మిర్ఆతుల్ ఖుద్స్ అను పేర పారశీకమున రచించి అక్బరుకు సమర్పించగా, మొగలు చిత్రకారులు దానికి బొమ్మలు వ్రాసిరి. హజ్రత్ ఈసా ముస్లింలకు ప్రవక్త. బీబీ మరియం పేర ఖురాను నందు ఒక అధ్యాయమే కలదు. సిలువ విషయమున రెండు మతముల విశ్వాసములు వేరు. ఆ భేదమును ఎవరును దాచలేదు, దానికై ఎవరును కుంచెను క్రింద పెట్టలేదు. తన విశ్వాసమున తాను నిలిచియే పరుల పవిత్రమూర్తి యెదుట అబుల్ హసన్ శ్రద్ధగా కూర్చుండెను. ఒక ముఖమును చూచి వ్రాయుటకు గంటల తరబడి ఆ ముఖమునే చూడవలెను. అంతసేపు చూచిన ముఖమును ద్వేషించుట కష్టము.

మన దక్కనునందును ఈ గాలి వీచినది. అబుల్ హసన్ యోహానును వ్రాసిన ఏట గోలకొండను మహమ్మదు ఖులీ కుతుబ్‌షా ఏలుచుండెను. హైదరాబాదు నగరము పుట్టి అప్పటికి తొమ్మిదేండ్లు. త్వరలోనే డచ్చివారు, వారి వెనుక 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నమున వర్తకశాలలు పెట్టిరి. దక్కను చిత్రకారులును యూరపు అచ్చుబొమ్మలను చూచి తమ రంగులలో మరల వ్రాసిరి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున మొగలు చిత్రములు, దక్కను చిత్రములు కలవు. అచ్చటికి పోయిన విద్యార్థులు గడియారము బొమ్మ గంట కొట్టుటను మాత్రము చూచి తిరిగిరాక, ఆ చిన్న కాగితముల ముందును కొంతసేపు నిలువవలెనని కోరుచున్నాము.

జహంగీరు తరువాత 1628లో షాజహాను సింహాసనమెక్కెను. అబుల్ హసన్ తమ్ముడు ఆబిద్ ఆ నూతన ఆస్థానమున పేరొందిన చిత్రకారుడయ్యెను. హిరాత్ నుండి వచ్చిన ఆ కుటుంబపు చేయి ముగ్గురు పాదుషాల కాలము చూచినది. ఆ సామ్రాజ్యము పోయినది, ఆ బిరుదులు పోయినవి. అరచేయంత కాగితముపై చేతులు పెనవేసికొని నిలిచిన యోహాను నిలిచియే ఉన్నాడు.

విద్యార్థులారా, చదువంతయు ఒక విధముగా నకలే. ఓనమాలు మనము పుట్టించినవి కావు, అలిఫ్ బే మనము పుట్టించినవి కావు. ఒకరు వ్రాసినదానిని చూచియే మనమందరము వ్రాయ నేర్చితిమి. అందు సిగ్గుపడవలసినది లేదు. అర్థము తెలియక ఈగతో సహా దించుట సిగ్గు. దించి తనదని చెప్పుట దొంగతనము. చూచినదానిని తెలిసికొని, తన చేతితో మరల చెప్పి, క్రింద తన పేరును తన వయస్సును నిజముగా వ్రాసికొనుట విద్య. మా సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి బయలుదేరి నడుమ కలిసికొనును. ఆ పుటలలో తొలిసారి తమ పేరు అచ్చులో చూచుకొను మా పిల్లలు 1600 అక్టోబరులో తన పేరు వ్రాసికొనిన ఆ పదమూడేండ్ల బాలుని ఒకసారి తలచుకొనిన చాలునని మా కోరిక.